బద్ద లేని ఊయలే కొనండి: చెన్నైలో దొరికే హ్యామక్‌ల సమీక్ష

ప్యారీస్ కార్నర్ వెనక వీధుల్లో తాళ్ళ కొట్టుకెళ్ళి హ్యామక్ చూపించమంటే బల్ల మీద మూడు వేర్వేరు వస్తువులు పడతాయి. ఒకటి, రెండు కొసలా చెక్క బద్దలు పెట్టి, నడుమ తెల్లటి నూలు తాడుతో అల్లిన వల. రెండోది, చారల దుప్పటిలా ఉండే మందపాటి నూలు గుడ్డ, కొసల్లో సన్న తాళ్ళ కుచ్చులతో. మూడోది, చిన్న సంచిలో కుక్కిన పారాచూట్ నైలాన్. అడిగితే ఒంటి కొక్కేనికి వేలాడే కుర్చీ కూడా తెస్తారు. అమ్మేవాళ్ళకి అన్నీ హ్యామక్కే, ఆన్‌లైన్‌లోనూ అంతే. ఫొటోలో చూడముచ్చటగా ఉండేది మొదటిది కాబట్టి ముందు అదే పరిచి చూపిస్తారు. ఒళ్ళు వాల్చి గంట నిద్రపోవడానికి పనికొచ్చేది మాత్రం రెండోది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ పేరు ఎక్కడిదో చూడాలి.

హ్యామక్ అనేది ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదు. కరీబియన్ దీవుల్లో, అంటే ఇప్పటి క్యూబా, హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ప్రాంతాల్లో బతికిన తైనో జనం మాట. వాళ్ళది అరవాక్ కుటుంబానికి చెందిన భాష. అందులో ‘హమాకా’ అంటే చేపల వల అని అర్థమై ఉండాలంటాయి నిఘంటువులు. 1492 అక్టోబరులో కొలంబస్ బహామా దీవుల్లో దిగినప్పుడు, అక్కడి ఇళ్ళలో పడకలు నూలు వలల్లా ఉన్నాయని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ మాట స్పానిష్‌లోకి హమాకాగానే వెళ్ళింది. పదహారో శతాబ్దం నడుమ ఇంగ్లీషులోకి అదే రూపంలో వచ్చి, ఆ తర్వాతి వందేళ్ళలో తోక అరిగి హ్యామక్ అయింది. కనూ, హరికేన్, బార్బెక్యూ కూడా ఆ దీవుల నుంచే స్పానిష్ మీదుగా ఇంగ్లీషుకు చేరిన మాటలు.

డచ్చివాళ్ళ దగ్గర ఇంకో తమాషా జరిగింది. అర్థం కాని హమాకాని వాళ్ళు తమ మాటల్లోకి మలుచుకుని ‘హాంగ్‌మాట్’ అన్నారు, అంటే వేలాడే చాప. జర్మన్లు దాన్నే ‘హెంగెమాటె’ చేసుకున్నారు. దాంతో ఇంగ్లీషు మాట కూడా ‘హ్యాంగ్’ నుంచే పుట్టిందని నమ్మేవాళ్ళున్నారు. ఆసుపత్రి అన్న మాటలో ‘పత్రి’ కనిపించింది కదా, ఆకుల వైద్యం నుంచి వచ్చిందేమో అనుకోవడం లాంటిదే ఇది. ఇక నెట్‌లో వెతుకుతుంటే మధ్యలో ఫ్లోరిడా అడవుల ఫొటోలు ప్రత్యక్షమైతే కంగారు పడకండి. అక్కడ చిత్తడి నేలల మధ్య కాస్త ఎత్తుగా ఉన్న చోట గుబురుగా పెరిగిన చెట్లనూ హ్యామక్ అనే పిలుస్తారు. అది దిబ్బ అనే అర్థమున్న ‘హమ్మక్’ అనే వేరే మాటకి రూపాంతరం, ఊయలతో చుట్టరికం లేదు.

కొనేవాడికి పనికొచ్చే ముక్క స్పానిష్ చరిత్రకారుడు గొంథాలో ఫెర్నాండెజ్ దె ఓవియెడో దగ్గర ఉంది. 1526లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఈ పడకను వర్ణించాడు: బాగా నేసిన నూలు గుడ్డ, రెండు మూడు వారాల పొడవు (స్పెయిన్ వారా అంటే సుమారు 33 అంగుళాలు), పొడవు కన్నా వెడల్పు కొంచెం తక్కువ, రెండు కొసల్లో నార తాళ్ళ కుచ్చులు. అంతే. బద్ద ప్రసక్తి లేదు. గుడ్డ కొసలు ఒక దగ్గరికి కూడితే మనిషి చుట్టూ అంచులు లేచి దొన్నెలా నిలబడతాయి. చీరతో కట్టే పిల్లల జోలెలోనూ, తమిళులు ‘తూళి’ అనే దానిలోనూ ఉన్న కట్టు ఇదే. పాడేరు వైపు రోడ్డు లేని గూడేల నుంచి రోగుల్ని మోసుకొచ్చే డోలీ కూడా దుంగకి కొసలు కట్టిన గుడ్డే కదా.

ఇంగ్లండ్ నౌకాదళం 1597లో వీటిని ఓడల్లోకి తీసుకుంది. యుద్ధనౌకల్లో ఒక్కో నావికుడికి ఊయల కట్టుకోవడానికి ఇచ్చే చోటు 14 అంగుళాలు. ఓడ ఎంత ఒరిగినా గుడ్డ తన బరువుకి తాను నిటారుగా వేలాడుతుంది, అంచులు ఒంటిని పట్టి ఉంచుతాయి. మామూలు బల్ల మీద పడుకున్నవాడు దొర్లి కింద పడేవాడు.

ఇప్పుడు ప్యారీస్ బల్ల మీదికి వద్దాం.

బద్దల వల గురించి ముందు చెప్పుకుందాం, ఎక్కువమంది ఇరుక్కునేది అక్కడే కాబట్టి. మూడున్నర నుంచి నాలుగు అడుగుల బద్ద, దానికి వరసగా బెజ్జాలు, ఒక్కో బెజ్జంలోంచి ఒక్కో తాడు వెళ్ళి ఇనుప రింగులో కలుస్తుంది. చూడ్డానికి నులక మంచంలా సాపుగా ఉంటుంది. చిక్కు కూడా ఆ సాపులోనే ఉంది. బద్ద గుడ్డని విప్పి పరిచేస్తుంది కాబట్టి పక్కన అంచు లేవదు. మీ ఒళ్ళు పలక మీద పెట్టిన గుమ్మడికాయలా పైన కూర్చుంటుంది. ఒక పక్కకి చెయ్యి చాపినా, ఫోన్ తీయడానికి నడుం తిప్పినా బరువు మధ్య గీత దాటుతుంది, రింగుల మీద మొత్తం గిర్రున తిరిగి మిమ్మల్ని కింద పోస్తుంది. ఎక్కేటప్పుడు మోకాలు పెట్టి ఎక్కినా ఇదే ఫలితం. వెడల్పు బద్ద ఉన్నది కొంటే తిరగదనుకోవడం పొరపాటు, అంచు మీద పడే బరువు ఇంకా దూరంగా పడుతుంది కాబట్టి ఇంకా సులువుగా తిరుగుతుంది.

రెండో లోపం కంటికి కనిపించనిది. సాపుగా ఉండాలంటే దీన్ని బిగించి కట్టాలి, బిగించిన కొద్దీ కొక్కెం మీద లాగుడు పెరుగుతుంది. 80 కిలోల మనిషిని తీసుకోండి. తాడు అడ్డగీతకి 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో కొక్కెం మీద పడే లాగుడు సరిగ్గా 80 కిలోలు. 20 డిగ్రీలైతే 117. 10 డిగ్రీలకు దించితే 230. వీణ తీగలా 5 డిగ్రీలకి బిగిస్తే దాదాపు 460 కిలోలు, ఒక్కో వైపు. ఇది కదలకుండా పడుకున్న లెక్క. ధబ్బున కూలబడితే ఆ క్షణంలో రెండింతలు. ‘300 కిలోలు తాంగుం (మోస్తుంది) సార్’ అని కొట్టులో చెప్పే మాట గుడ్డ గురించో తాడు గురించో అయ్యుంటుంది. మీ గోడకీ కొక్కేనికీ ఆ హామీ వర్తించదు.

బద్ద విరిగేది ఎక్కడో చూడాలంటే చివరి బెజ్జం దగ్గర గోరు పెట్టి చూడండి. బెజ్జం అంచు పదునుగా ఉంటే తాడు పోగులు అక్కడే ఒక్కొక్కటి తెగుతాయి. తెగినవి బూజులా పైకి లేస్తాయి. బెజ్జాలన్నీ చెక్క నార వెంట ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి వానకి తడిసి ఎండకి ఆరిన బద్ద రెండు మూడు సీజన్లలో ఆ వరస వెంటే నెర్రె ఇస్తుంది. రింగు దగ్గర తాళ్ళన్నీ ఒకేలా బిగిసి లేకపోతే మూడు నాలుగు తాళ్ళే మోస్తాయి, మిగతావి వదులుగా వేలాడుతుంటాయి. కొట్టులోనే రింగు పట్టుకుని పైకెత్తి చూస్తే తెలిసిపోతుంది. తోటలో అలంకారానికో, కాఫీ కప్పు పట్టుకుని కాళ్ళు కిందికి వేసి కూర్చోవడానికో అయితే ఇది చాలు. నిద్రకి వద్దు. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

గుడ్డ ఊయల మన తీర్పులో మొదటిది. బ్రెజిల్ ఈశాన్యంలో ఇప్పటికీ ఇళ్ళలో మంచానికి బదులుగా వాడేది ఇలాంటిదే, వాళ్ళు దాన్ని ‘హెజి’ అంటారు, ఆ పోర్చుగీసు మాటకి కూడా వల అనే అర్థం. నికరాగ్వాలో మసాయా ఊరు వీటి అల్లకానికి పేరుపడింది. చెన్నైలో దొరికేది కాన్వాస్ మందం నూలు గుడ్డ. కొట్టులో ‘కట్టై ఇల్లాద తుణి ఊంజల్’, అంటే బద్ద లేని గుడ్డ ఊయల, అని అడిగితే నేరుగా తెచ్చిస్తారు. వట్టి ఊంజల్ అన్నారంటే గొలుసులూ పీటా ఉన్న ఉయ్యాల బల్ల రేటు చెప్తారు.

కొనే ముందు గుడ్డ కొలవండి. లేబుల్ మీద 11 అడుగులని ఉంటుంది, విప్పి చూస్తే గుడ్డ ఆరున్నర అడుగులే, మిగతాదంతా అటూ ఇటూ తాళ్ళ కుచ్చు. మనకి కావలసింది గుడ్డ పొడవు. మీ ఎత్తుకి కనీసం మూడడుగులు కలపండి, నాలుగైతే ఇంకా మేలు. అయిదున్నర అడుగుల మనిషికి తొమ్మిదడుగుల గుడ్డ పర్వాలేదు, పదయితే హాయి. వెడల్పు అయిదడుగులకి తగ్గకూడదు. పొట్టి గుడ్డ ఎంత మంచిదైనా ఒంటిని అరటికాయలా వంచుతుంది, పావుగంటలో మోకాళ్ళ వెనక నొప్పి మొదలవుతుంది. ‘వెన్నునొప్పి వస్తుంది, హ్యామక్ వద్దు’ అనేవాళ్ళు చాలావరకు పొట్టి గుడ్డలో నిలువుగా పడుకున్నవాళ్ళే.

నిలువుగా పడుకోకూడదు, ఇదే అసలు కిటుకు. గుడ్డ మధ్యలో కూర్చుని, వెనక్కి వాలి, తలని ఒక పక్కకీ కాళ్ళని ఎదురు పక్కకీ జరపండి, ఊయల నడుమ గీతకి పదిహేను ఇరవై డిగ్రీలు మూలగా. అప్పుడు గుడ్డ అడ్డంగా విచ్చుకుంటుంది, వీపు దాదాపు సమంగా వస్తుంది, పాదాలు తల ఎత్తుకి వస్తాయి. వెడల్పు అయిదడుగులు ఎందుకు అడిగామో అప్పుడు అర్థమవుతుంది. మూలకి జరగగానే పిక్కల కింద ఒక గట్టి మడత తగిలిందంటే మరీ బిగించి కట్టారన్న మాట, రెండు వైపులా అరడుగు వదులు చేయండి. ‘డబుల్’ అని అమ్మే వెడల్పాటిది కూడా ఒక్కరికే బాగుంటుంది, ఇద్దరెక్కితే గంట సేపు ఒకరి మీదికొకరు జారుతూ ఉండడమే.

నాణ్యతకి తూకం మంచి గుర్తు. చదరపు మీటరుకి 300 గ్రాముల గుడ్డతో పదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఊయల చేస్తే గుడ్డ ఒక్కటే 1.4 కిలోలు తూగాలి, తాళ్ళు అదనం. అదే కొలతకి మొత్తం కిలో కూడా లేకపోతే పల్చని గుడ్డ, ఏడాదిలో నడుము దగ్గర సాగి సంచి కడుతుంది. తర్వాత కొసలు చూడండి. గుడ్డ అంచు మడిచి కుట్టిన గొట్టంలోంచి కుచ్చు తాళ్ళు వెళ్తున్నాయా, లేక ఒంటి పొర గుడ్డకి బెజ్జాలు పొడిచి దూర్చారా? రెండోదైతే అక్కడే చిరుగుతుంది. కుచ్చు తాళ్ళన్నీ కలిసే చోట కన్ను ఉంటుంది, దాని మెడ చుట్టూ గట్టిగా దారం చుట్టి ఉండాలి. బొటనవేలితో ఆ చుట్టుని పక్కకి నెట్టి చూడండి. కదిలిందంటే కొద్ది రోజుల్లో తాళ్ళు ఒక్కొక్కటే జారి పొడవులు మారిపోతాయి, ఊయల ఒక పక్కకి వాలుతుంది. కన్ను లోపల గిన్నెలా వంచిన లోహపు తొడుగు ఉంటే మంచిది. లేకపోతే కొక్కెం రాపిడికి నూలు అక్కడే అరుగుతుంది, ప్రతి మూడు నెలలకీ వేలితో తడిమి చూసుకోవాలి.

సన్న నూలు పోగులతో బద్దల్లేకుండా అల్లిన మెక్సికో తరహా వల కూడా అప్పుడప్పుడు దొరుకుతుంది. గాలాడే విషయంలో చెన్నై మే నెలకి దాన్ని మించింది లేదు. చొక్కా గుండీ, జేబు జిప్పు, చెవి కమ్మ, ఏదో ఒకటి పోగుకి తగిలి లాగేస్తుంది, అదొక్కటే చిరాకు. కాశిమేడు చేపల రేవు నుంచి వల తెచ్చి కట్టుకుంటే సరిపోదా అని అడిగేవాళ్ళుంటారు. మాట పుట్టుక అదే అయినా ఆ పని వద్దు. నైలాన్ పోగు సన్నగా, గట్టిగా ఉంటుంది, నూలులా మెత్తగా ఒంటికి సర్దుకోదు. పది నిమిషాలకి వీపు మీద జల్లెడ అచ్చు పడుతుంది.

నైలాన్ పారాచూట్ రకం ఊరెళ్ళేవాళ్ళకి. ఏలగిరికో నాగలాపురం కొండలకో వెళ్ళినప్పుడు సంచిలో వేసుకోవడానికి దీనంత తేలికైంది ఇంకోటి లేదు. తడిస్తే అరగంటలో ఆరిపోతుంది. ఇంట్లో రోజూ వాడటానికి మాత్రం నప్పదు. గాలాడదు, చెమట పీల్చదు, అపార్ట్‌మెంట్ బాల్కనీలో మధ్యాహ్నం వీపుకి అతుక్కుంటుంది. పైగా పల్చని గుడ్డ కింది వైపు నుంచి దోమలు నిక్షేపంగా కుడతాయి, పైన దోమతెర ఎంత బాగా కట్టినా లాభం లేదు. దీనితో వచ్చే సామానులో అనుమానించాల్సింది క్యారబీనర్‌ని, అంటే ఊయలని పట్టీకి తగిలించే లోహపు క్లిప్పుని. కొండలెక్కేవాళ్ళ క్యారబీనర్ మీద కిలోన్యూటన్లలో అంకె చెక్కి ఉంటుంది. 12 కిలోన్యూటన్లంటే సుమారు 1200 కిలోలు. అంకె లేకుండా రంగు పూసి వచ్చేది తాళంచెవులకి పనికొస్తుంది.

చెట్టుకి కట్టేటప్పుడు సన్న తాడు చుట్టొద్దు, బెరడు కోసుకుపోతుంది, తాడూ జారుతుంది. అంగుళం వెడల్పు పాలియెస్టర్ పట్టీ వాడండి. నైలాన్ పట్టీ బరువుకి సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, కునుకు పట్టేసరికి నడుము నేలని తాకుతుంది. వేప, మామిడి, చింత, ఏదైనా సరే మొద్దు మీ తొడ కన్నా లావుండాలి. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు, క్యాలెండర్ బొమ్మలు ఎంత ఊరించినా. కాయ ఎప్పుడు రాలుతుందో ముందు చెప్పదు.

ఇక బిగించడం. ఊయల ధర కన్నా దీనికే ఎక్కువ ఆలోచన పెట్టాలి. రేట్లు ఇక్కడ రాయడం లేదు, ప్యారీస్‌లో బేరాన్ని బట్టీ ఆన్‌లైన్‌లో సేల్‌ని బట్టీ మారిపోతుంటాయి. కొక్కేలు, గొలుసు, షాకిళ్ళు (మర బిగించి మూసే లోహపు లంకెలు), డ్రిల్లింగ్ కూలీ కలిపి విడిగా పక్కన పెట్టుకోండి.

పదడుగుల గుడ్డకి రెండు కొక్కేల మధ్య కనీసం తొమ్మిదడుగులు కావాలి, పదకొండు పన్నెండు ఉంటే సుఖం. ఎత్తుకి లెక్క తేలిక: దూరంలో సగాన్ని 0.58తో హెచ్చవేసి, కుర్చీ ఎత్తు ఒకటిన్నర అడుగులు కలపండి. పన్నెండడుగుల దూరానికి అయిదడుగులు వస్తుంది, పదడుగులకి నాలుగడుగుల అయిదంగుళాలు. అనుమానముంటే అరడుగో అడుగో పైనే కొట్టించండి. ఎత్తు ఎక్కువైతే గొలుసు పొడిగించి దించుకోవచ్చు, వాలు కాస్త నిటారవుతుంది తప్ప నష్టం లేదు. తక్కువైతే చేసేదేమీ ఉండదు. వాలు కొలవడానికి ఫోన్‌లో రసమట్టం యాప్ చాలు, మనిషి పడుకున్నాక తాడుకి ఆనించి 30 చూడండి. మాటిమాటికీ విప్పి కట్టేవాళ్ళు ఊయల రెండు కన్నుల మధ్య సాగని సన్న తాడు ఒకటి అడ్డంగా కట్టుకోవాలి, పొడవు గుడ్డ పొడవులో 83 శాతం. పదడుగుల గుడ్డకి ఎనిమిదడుగుల నాలుగంగుళాలు. ఆపైన కొక్కేలు ఎంత దూరంలో ఉన్నా ఊయల వంపు మారదు. దోమతెర వేయడానికి ఆ తాడే ఆధారం.

ఊంజల్ కొక్కెం మీద బరువు తిన్నగా కిందికి లాగుతుంది. ఊయల కొక్కెం అలా కాదు. 80 కిలోల మనిషికి 30 డిగ్రీల వాలులో ఒక్కో కొక్కెం కిందికి లాగబడేది 40 కిలోలే, గోడలోంచి బయటికి లాగబడేది 69 కిలోలు. అందుకే ఏ గోడలో కొట్టామన్నది ముఖ్యం. డ్రిల్లు బిట్ లోపలికి దిగుతుంటే కింద కాగితం పెట్టి రాలే పొడి చూడండి. మొదటి అరంగుళం, ముప్పావంగుళం బూడిద రంగే వస్తుంది, అది ప్లాస్టరింగు, దాన్ని నమ్మకండి. ఆ తర్వాత కూడా బూడిద రంగులోనే సన్నగా వస్తూ, బిట్ మొరాయిస్తూ ముందుకెళ్తే కాంక్రీటు స్తంభం దొరికిందన్న మాట. ఎర్రగా వస్తే ఇటుక. తెల్లగా, ముగ్గు పిండిలా బొలబొలా రాలుతూ బిట్ వెన్నలో దిగినట్టు దిగితే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు ఇటుక. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీది చాలా కొత్త టవర్లలో స్తంభాల మధ్య నింపింది అదే. ఏఏసీలో వ్యాకోచించే ఫాస్టెనర్ (బిగించిన కొద్దీ బెజ్జంలో ఉబ్బి పట్టుకునే బోల్టు) బిగిస్తే చుట్టూ నలిగిపోతుంది, మొదటి రోజు గట్టిగా ఉన్నట్టే ఉండి రోజూ ఒక మిల్లీమీటరు బయటికొస్తుంది. అక్కడ ఆపేసి స్తంభమో దూలమో వెతుక్కోండి. గట్టి ఇటుక గోడలో రసాయన యాంకర్ (బెజ్జంలో జిగురుతో అతికించే బోల్టు) వేయొచ్చు, అదీ కనీసం తొమ్మిదంగుళాల గోడైతేనే.

స్తంభంలో 10 మిల్లీమీటర్ల యాంకర్ ఫాస్టెనర్ చాలు, 12 అయితే బెంగ ఉండదు. బెజ్జం ప్లాస్టరింగు పోను రెండున్నర అంగుళాలైనా లోపలికి ఉండాలి, స్తంభం అంచుకి మూడంగుళాలు ఎడంగా. అంచుకి దగ్గరైతే మూల పెచ్చు ఊడుతుంది. బిట్ ఎంత నొక్కినా దిగక టంగుమని లోహం చప్పుడొస్తే లోపల కమ్మీ తగిలింది, దాన్ని కోయనివ్వకండి, రెండంగుళాలు పక్కకి జరగమనండి. బెజ్జంలో పొడి ఊదించి తీయాలి. తొందరలో ఇది వదిలేస్తారు, పొడి ఉన్న బెజ్జంలో ఫాస్టెనర్ సగమే పట్టుకుంటుంది. తెల్ల ప్లాస్టిక్ గట్టాలు ఫొటో ఫ్రేములకి, మనుషులకి కాదు. కొక్కెం నోరు తెరిచి ఉండే రకం వద్దు, మూసుకున్న కన్ను ఉన్నదే తీసుకోండి. గొలుసుకీ కన్నుకీ మధ్య ఎస్ ఆకారపు కొక్కెం పెట్టి ఇస్తారు, అది బరువు లేచినప్పుడు ఊడి కింద పడుతుంది. దాని బదులు మర బిగించే డి షాకిల్ వేయించండి.

బాల్కనీ పైఅంతస్తులో ఉంటే ఇంకో మాట. పిట్టగోడకి ఆనుకుని కట్టొద్దు. లోపలి గోడ వెంట కట్టి, ఊగినప్పుడు కూడా ఒళ్ళు పిట్టగోడ ఎత్తు దాటకుండా చూసుకోవాలి. బాల్కనీ రెయిలింగుకీ కిటికీ ఊచలకీ కట్టడం అసలే వద్దు, అవి పక్కకి లాగే బరువు కోసం చేసినవి కావు. ట్రిప్లికేన్, మైలాపూరు పాత ఇళ్ళలో టేకు దూలానికి దిగ్గొట్టిన ఊంజల్ కొక్కేలుంటే అదృష్టం. నాలుగింటిలో ఎదురెదురుగా, దూరంగా ఉన్న రెండు ఎంచుకోండి, నిటారుగా మోయడానికి వేసినవి కాబట్టి తాళ్ళు వీలైనంత పొడవుగా, వాలు 45 డిగ్రీల పైన ఉండేలా కట్టండి.

చెన్నై గాలి గురించి చెప్పకుండా ఏ ఊయల సమీక్షా పూర్తి కాదు. బెసంట్ నగర్, తిరువాన్మియూరు, నీలాంకరై వైపు ఉప్పుగాలికి జింకు పూత కొక్కెం తుప్పు పట్టడానికి ఒక వర్షాకాలం చాలు. స్టెయిన్‌లెస్‌లో 304 రకం కూడా టీ మరక లాంటి గోధుమ రంగు తేలుతుంది. సముద్రం దగ్గరగా ఉంటే 316 అడగండి. కొక్కెం కింద గోడ మీద గోధుమ రంగు చార కారుతోందంటే లోపల ఫాస్టెనర్‌ని తుప్పు తినేస్తోందని అర్థం, పైకి మెరుస్తున్నా సరే మార్చేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నూలు ఊయల రాత్రిపూట బయట వదలకండి. తడిగా మడిచి పెట్టిన నూలుకి నల్ల చుక్కల బూజు పడుతుంది, ఆ చుక్కలు ఉతికినా పోవు, పోగు బలం కూడా తగ్గుతుంది. నైలాన్‌కీ, చవక నీలం ప్లాస్టిక్ తాళ్ళకీ శత్రువు ఎండ. తాడు మీద గోరుతో గీస్తే పొడి రాలిందంటే దాని పని అయిపోయింది.

ఉతకడం సులువే, కానీ కుచ్చులు చిక్కుపడితే విడదీయడానికి ఒక ఆదివారం పోతుంది. రెండు కన్నుల్నీ కలిపి ఒక గుడ్డ పేలికతో కట్టి, కుచ్చుల్ని దిండు గలీబులో దూర్చి మూతి ముడేసి, అప్పుడు నానబెట్టండి. నీడలో, నిలువుగా ఆరేయాలి. ఉడతల సంగతి మరిచిపోవద్దు. చెట్లున్న వీధుల్లో అవి గూటి కోసం నూలు కుచ్చుల్ని పోగు పోగుగా కొరుక్కుపోతాయి. వాడనప్పుడు లోపలికి తీసుకురావడం తప్ప దానికి మందు లేదు.

ఒంటి కొక్కెం కుర్చీ చోటు లేనివాళ్ళకి మంచి రాజీ. బరువు తిన్నగా స్లాబు నుంచి కిందికి పడుతుంది, లెక్కల గొడవ లేదు. కొక్కెం దగ్గర తిరిగే బేరింగ్ ఒకటి పెట్టకపోతే కుర్చీ తిరిగినప్పుడల్లా తాడు మెలిపడి పోగులు తెగుతాయి. అందులో చదువుకోవచ్చు, పడుకోలేం.

అద్దె ఇంట్లో ఓనరు డ్రిల్లు వేయనివ్వకపోతే ఇనుప స్టాండు ఉంది. బద్ద ఊయలల కోసం చేసిన స్టాండులో కొక్కేలు కిందికి, దూరంగా ఉంటాయి, అందులో పదడుగుల గుడ్డ ఊయల వేస్తే నేలని తుడుస్తుంది. స్టాండు పొడవుతో పాటు కొక్కెం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, గొలుసు లంకెలు మార్చుకునే వీలుందో లేదో అడిగి, కొట్టులోనే ఒకసారి బిగించి పడుకుని చూడండి. కాళ్ళ కింద రబ్బరు తొడుగులు లేకపోతే టైల్సు మీద ఊగిన ప్రతిసారీ అంగుళం జరుగుతూ ఉంటుంది, కింది ఫ్లాటువాళ్ళు పైకి రావడానికి అదొక్కటి చాలు.